బదులు మనిషి

దుప్పటి మార్చడం ఆఖరి పని. పొద్దున్నే పెద్దావిడకి ఒళ్లు కడిగి, తల దువ్వి, ఓట్స్ జావ తాగించి, మందులు వేసి, వంటిల్లు తుడిచాక, చివర్లో తన మంచం మీది దుప్పటీ దిండు గలీబూ ఊడదీసి ఉతికినవి పరిచేస్తే ఈసారికి వ్లాస్తా వంతు అయిపోయినట్టే. ఆ మంచం నిజానికి ఆమె ఒక్కదానిదీ కాదు, జ్లాతిత్సా ఒక్కదానిదీ కాదు. రెండు వారాలు ఈమె పడుకుంటుంది, రెండు వారాలు ఆమె. ఆరేళ్లుగా ఒకే మంచం పంచుకుంటున్న ఆ ఇద్దరాడవాళ్లూ ఒక్క పూటైనా ఆ ఇంట్లో కలిసి ఉన్నది లేదు. స్లొవాకియా నుంచి వచ్చే వ్యాను ఆస్ట్రియాలోని ఈ ఇంటి గేటు ముందు ఆగుతుంది. ఒకామె దిగుతుంది, ఒకామె ఎక్కుతుంది. మధ్యలో డ్రైవరు కాఫీ తాగేంతసేపు మాత్రం వాళ్లది. పెద్దావిడకి కొత్తగా ఏ మాత్ర రాశారు, కడుపు సాఫీగా అవుతోందా, మడమ మీద పుండు మానిందా, ఈ కబుర్లన్నీ ఆ కాసేపట్లోనే నిలువు కాళ్ల మీద అయిపోవాలి. అయినా జ్లాతిత్సా గురించి వ్లాస్తాకి తెలిసినంత ఆమెని కట్టుకున్నవాడికి కూడా తెలియదు. దిండు కింద మర్చిపోయిన తలనొప్పి మాత్రలు చూస్తే చాలు, ఆ రెండు వారాలూ ఆమెకెలా గడిచాయో అర్థమైపోతుంది.

వచ్చే మనిషి గడపలో అడుగు పెట్టందే వెళ్లే మనిషి గడప దాటకూడదు. ఇది ఎవరూ రాసిన నియమం కాదు, ఎవరూ చెప్పింది కూడా కాదు. మతి సరిగా లేని ముసలామెని పొయ్యి ఉన్న ఇంట్లో ఒంటరిగా వదిలి ఏ ఆడదీ వ్యాను ఎక్కలేదు కాబట్టి దానంతటదే పుట్టింది. కట్టేయడానికి తాడక్కర్లేదు, మంచితనం చాలు. వ్లాస్తాకి అప్పుడప్పుడూ ఆ మంచితనం మీద ఒళ్లు మండుకొచ్చేది.

ఈసారి ఆమె ఇంటికి వెళ్తున్నది విశ్రాంతికి కాదు. గర్భసంచి తీయించుకోవడానికి. ఏడాదిగా రక్తం ఆగడంలేదు. పరాయి ఇంట్లో, పరాయి వాషింగ్ మిషన్లో, తన బట్టలు విడిగా, ఎవరి కంటా పడకుండా ఉతుక్కుంటూ నెట్టుకొచ్చింది. ఒకరోజు పెద్దావిడని తొట్టిలోంచి లేపుతుంటే కళ్లకి చీకట్లు కమ్మాయి. తను పడిపోతే పడింది గానీ ఈవిణ్ణి పడేస్తానేమోనని గోడకి వీపు ఆనించి, పెద్దావిడ హెర్మినెని గుండెకి హత్తుకుని నిలబడిపోయింది. పెద్దావిడ మాత్రం, "ఏమిటే పిల్లా, డాన్సు చేస్తున్నామా?" అని మురిసిపోయింది. ఆ సంగతి వ్లాస్తా ఎవరికీ చెప్పలేదు. జబ్బు మనిషిని చూసుకోవడానికి మరో జబ్బు మనిషిని ఎవరు పెట్టుకుంటారు? జ్లాతిత్సాకొక్కదానికే చెప్పింది, అదీ వ్యాను తలుపు దగ్గర, డ్రైవరు వినకుండా. జ్లాతిత్సా రెండో మాట అనలేదు. "నీ వంతు కూడా నేనే చేస్తానక్కా. కుట్లు మానేదాకా కదలకు" అంది. ఇలాంటివన్నీ ఆ ఆడవాళ్లు తమలో తామే సర్దుకుంటారు. పైవాళ్లకి తెలిసేది ఏమిటంటే, పని ఎప్పుడూ ఆగదు.

వ్యాను వచ్చింది గానీ జ్లాతిత్సా రాలేదు. ఆమెకి బదులు ఆమె ఫోను వచ్చింది. ఫాషియాంగి పండగ రోజులు. ఉపవాసాలు మొదలయ్యేలోగా అందరూ తిని తాగి ఆడే రోజులు. వీధిలో వేషాలు చూద్దామని మనవణ్ణి ఎత్తుకుని వెళ్లి, చర్చి మెట్ల మీద మంచుకి జారిందట. కాలు విరిగింది, తొడ దాకా కట్టు కట్టారు.

"నీకు మొహం ఎలా చూపించనక్కా" అని ఏడ్చింది.

"ఏడవకు. కావాలని పడ్డావా ఏంటి?"

"నా చోటు పోతుందేమో అక్కా. పెద్దావిడ కూతురు రోస్విత గారికి కాస్త చెప్పవూ?"

ఇద్దరికీ అదే భయం, ఇద్దరూ ఒకళ్లనొకళ్లు ఓదార్చుకున్నారు. డ్రైవరు కాఫీ తాగేసి, చేతులు రుద్దుకుంటూ, "వస్తున్నావా లేదా అక్కా? ఇంకో ఇద్దర్ని ఎక్కించుకోవాలి" అన్నాడు. వ్లాస్తా తన సంచీని హాల్లోంచి మళ్లీ గదిలోకి తెచ్చి, ఉతికిన దుప్పటి పరిచిన మంచం పక్కన పెట్టింది. కిటికీలోంచి హెర్మినె వ్యానుకి చెయ్యి ఊపుతోంది.

కాగితాల ప్రకారం వ్లాస్తా ఎవరి దగ్గరా పనిచేసే మనిషి కాదు. ఆమె వ్యాపారస్తురాలు. నవ్వకండి, నిజమే. ఆస్ట్రియాలో ఇలా ముసలివాళ్ల ఇళ్లలో ఉండి రాత్రింబవళ్లు చూసుకునే పొరుగుదేశాల ఆడవాళ్లలో దాదాపు అందరూ వ్యాపారస్తులే. లైసెన్సు ఉంటుంది, పన్నుల నంబరు ఉంటుంది. దుకాణం ఉండదు, నౌకర్లుండరు. వ్యాపారస్తులు కాబట్టి వాళ్లకి సెలవుల్లేవు, పని గంటల్లేవు, ఓవర్‌టైం అన్న ముక్క లేదు. జబ్బు పడితే ఏదో బీమా ఉందంటారు గానీ అది చేతికందేలోపు జబ్బూ తగ్గుతుంది, చోటూ పోతుంది. మొదటిసారి ఆ లైసెన్సు చూసినప్పుడు ఆమె భర్త ఒండ్రెయ్ పగలబడి నవ్వాడు. "ఓహో, మా ఇంట్లో కంపెనీ ఓనరు! ఓనరమ్మగారూ, కాస్త సూపు వేడిచేసి పెడతారా?" ఆ నవ్వుకి ఆ రోజు వ్లాస్తా కూడా నవ్వింది. కొన్ని నవ్వులు ఎందుకు నవ్వామా అని తర్వాతెప్పుడో ఒళ్లు జలదరిస్తుంది.

ఆ వ్యాపారస్తురాలు ముందుగా తనని కుదిర్చిన ఏజెన్సీకి ఫోను చేసింది. అక్కడి మనిషి మర్యాదస్తుడే.

"మీకు ఆపరేషనా? అయ్యో పాపం. తప్పకుండా వెళ్లండి మేడమ్. మిమ్మల్ని ఆపేదెవరు? మీరు స్వతంత్రులు."

"మరి ఇక్కడ ఎవరుండాలండీ?"

"అది మీ వ్యాపార విషయం కదా. బదులు మనిషిని పంపే హక్కు ఒప్పందంలోనే ఉంది మీకు. ఎవర్నైనా పంపండి, ఆ కుటుంబానికి నచ్చితే చాలు. మేం అభ్యంతరం చెప్పం. పంపలేకపోతే మాత్రం ఆ ఇల్లు ఖాళీగా ఉంచలేం. వేరే ఎవరికైనా ఇచ్చేయాల్సి వస్తుంది. ఆరోగ్యం జాగ్రత్త."

హక్కు అన్న మాట ఆమె చెవిలో చాలాసేపు గింగురుమంది. ఇన్నేళ్లకి తనకీ ఒక హక్కుందని తెలిసింది. తను పడిపోతే ఆ చోట ఇంకొకరిని పడేసే హక్కు.

తర్వాత రోస్వితకి చేసింది. రోస్విత హెర్మినె కూతురు, బ్రస్సెల్స్‌లో ఉంది. పెద్ద కార్మిక సమాఖ్యలో ఉద్యోగం. ఐరోపా దేశాలన్నిట్లో పనిచేసే ప్రతి మనిషికీ జబ్బు చేస్తే జీతం, వారానికి సరైన విశ్రాంతి, కాన్పుకి సెలవు ఉండి తీరాలని వాదించే బృందంలో ఆమె ముఖ్యురాలు. చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే వ్లాస్తా పని సులువయ్యేది, తిట్టుకునేది. క్రిస్మస్‌కి ఊలు మేజోళ్లు ఇస్తుంది. "మా ఇంట్లో నువ్వు పనిమనిషివి కాదు వ్లాస్తా, మా ఇంటి మనిషివి" అని పొరుగువాళ్ల ముందు భుజం చుట్టూ చెయ్యి వేస్తుంది. వచ్చిన ప్రతిసారీ వంటింట్లో అటూ ఇటూ నడుస్తూ ఉపన్యాసం సాధన చేసుకుంటుంది. "ఈ గొడుగు కింద అందరికీ చోటుండాలి, ఒక్కరు కూడా బయట తడవకూడదు" అని గొంతు పెంచి అంటుంటే, బంగాళాదుంపలు చెక్కుతున్న వ్లాస్తాకి ఒకసారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి కూడా. అందరూ అన్నదాంట్లో తను లేనన్న సంగతి ఆమెకి తట్టడానికి చాన్నాళ్లు పట్టింది.

"అయ్యయ్యో! ఇంతకాలం ఎందుకు దాచావు?" రోస్విత గొంతులో నిజమైన బాధే ఉంది. "నువ్వు వెళ్లి తీరాలి. ఆరోగ్యం కన్నా ఏదీ ఎక్కువ కాదు." ఆ వెంటనే అడిగింది, "అయితే... అమ్మ దగ్గర ఎవరుంటారు?"

"మీరు రాలేరా?"

"ఈ వారమే వ్లాస్తా, మా సెలవుల చట్టం సంగతి తేలేది! ఏళ్ల తరబడి దీనికోసం చచ్చాం. ఇప్పుడు నేను లేస్తే మొత్తం పోతుంది."

"మీ తమ్ముడు గారు?"

"గుంటరా?" రోస్విత నవ్వింది. "వాడికి అమ్మ బట్టలు మార్చడం చేతనవుతుందా? అమ్మకి సిగ్గుగా ఉండదూ? ఏదో ఒకటి ఆలోచిద్దాం. నువ్వు తెలివైనదానివి, నీకు తప్పకుండా ఏదో తడుతుంది."

తట్టింది, ఆమెకి కాదు, ఒండ్రెయ్‌కి. రాళ్ల క్వారీ మూసేసినప్పటి నుంచి అతను నడుంనొప్పి పింఛను మీద ఇంట్లోనే ఉంటాడు. కట్టెలు కొడతాడు, పుట్టగొడుగులకి అడవికి వెళ్తాడు, టీవీలో హాకీ చూస్తాడు. ఆ నడుము వీటికి అడ్డురాదు. "నీదేం పనే, కూర్చోబెట్టి పోషిస్తున్నారు నిన్ను" అని ఎన్నిసార్లు అన్నాడో. బతికున్నన్నాళ్లూ అత్తగారిదీ అదే పాట: "పరాయి ముసల్దాని ముడ్డి కడగడానికి దేశం దాటి పోతుంది మా కోడలు. నా నోట్లో ఇన్ని నీళ్లు పోసే తీరిక మాత్రం ఉండదు." ఆవిడ పోయిన రోజున కూడా వ్లాస్తా ఇక్కడే ఉంది. హెర్మినెకి చెంచాతో సూపు తాగిస్తూ ఆ కబురు విన్నది. చెంచా కింద పెట్టలేదు. పెడితే పెద్దావిడ మళ్లీ నోరు తెరవదు.

"రాద్కాని పంపితే సరిపోతుందిగా" అన్నాడు ఒండ్రెయ్ ఫోన్లో. "దానికి సెలవులున్నాయి. ఊరికే ఆ క్రొయేషియా సముద్రం ఒడ్డున తగలేసుకోవడమే కదా."

"వద్దు. అది వద్దు."

"నీకు ఆపరేషను కావాలా, చోటు కావాలా, పంతం కావాలా? మూడూ కావాలంటే ఎట్లాగే?"

రాద్కా వాళ్ల ఒక్కగానొక్క కూతురు. పట్నంలో కార్ల సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో ఉద్యోగం. పర్మనెంటు. యూనియను ఉంది, షిఫ్టు అవగానే బెల్లు మోగుతుంది, మోగగానే మిషను ఆపేసి నడిచి బయటికొచ్చేయొచ్చు. ఆ బెల్లు గురించి కూతురు మొదటిసారి చెప్పినప్పుడు వ్లాస్తా మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. "నిజంగా ఆపేస్తారా? సగంలో ఉన్నా సరే?" "సగంలో ఉన్నా సరే అమ్మా. మిగతాది తర్వాతి షిఫ్టువాళ్లు కుడతారు." ఆ రాత్రి ఆమె ఒక్కటే అనుకుంది. నా బిడ్డ ఆ వ్యాను ఎక్కకూడదు. నా వీపుతో, నా పొత్తికడుపుతో ఆ బెల్లు కొనిచ్చాను దానికి. జీవితంలో ఆమె ఒక్క విషయంలోనే పంతం పట్టింది, అది ఇదే.

వద్దని తల్లి అనకముందే తండ్రి ఫోను చేసేశాడు. రెండు రోజులకల్లా రాద్కా వీపున సంచీతో గుమ్మంలో నిలబడింది.

"నేను వ్యాను ఎక్కలేదులే అమ్మా, రైల్లో వచ్చాను" అని నవ్వింది. "మొహం అలా పెట్టకు. సెలవు ఉన్నది దేనికి? ఇలాంటప్పుడు వాడుకోవడానికేగా."

"సెలవు నిద్రపోవడానికి. సముద్రంలో మునగడానికి. ఏమీ చేయకపోవడానికి."

"సముద్రం ఎక్కడికీ పోదు. నువ్వు చూడు ఎంత పాలిపోయావో! సరే, ఏం చెయ్యాలో చూపించు."

చూపించింది. పెద్దావిడని ఏ వైపు నుంచి లేపాలో, మోకాలు ఎక్కడ ఆనించాలో, మాత్రని నేరుగా ఇస్తే ఉమ్మేస్తుంది కాబట్టి ఆపిల్ గుజ్జులో ఎలా దాచాలో, రాత్రి పిలిస్తే లైటు వెయ్యకుండా ముందు చెయ్యి ఎందుకు పట్టుకోవాలో. రాద్కాకి ఒక్కసారి చూపిస్తే చాలు. చేతులు తల్లివే. ఆ చేతులు పెద్దావిడ చంకల కింద అంత సులువుగా, అంత సరిగ్గా పడుతుంటే వ్లాస్తాకి గర్వం రావాల్సింది, భయం వేసింది. పిల్లకి ఈ పని రాకపోతే బాగుండునని ఏ తల్లైనా కోరుకుంటుందా? ఆమె కోరుకుంది.

హెర్మినె కొత్త మొహాన్ని తేరిపార చూసింది. పెళ్లికి ముందు నుంచీ, పిల్లలు పుట్టాక కూడా ఆవిడ ట్రైసెన్ ఏటి ఒడ్డున నూలు మిల్లులో పనిచేసింది. మగ్గాల దగ్గర ఆడవాళ్లకి నాయకురాలు. ఇప్పుడు తిన్నది గుర్తుండదు, కూతురి పేరు గుర్తుండదు. మిల్లు మాత్రం నిన్నటి సంగతిలా ఉంటుంది. ఆ ఇంట్లోకి కొత్తగా ఏ ఆడది వచ్చినా మిల్లులో కొత్తగా చేరిన పిల్లేనని ఆవిడ లెక్క.

"ఏ షెడ్డు నీది?"

"కుట్టు షెడ్డు బామ్మా" అంది రాద్కా, తడుముకోకుండా.

"సెలవులిస్తున్నారా సరిగ్గా? దాచకు, నాకు చెప్పు. భయపడితే ఎట్లా? నేనున్నాను."

"ఇస్తున్నారు బామ్మా. ఇప్పుడు సెలవులోనే ఉన్నా."

పెద్దావిడ కనుబొమ్మలు ముడిచింది. మంచం పట్టె మీద అరచేత్తో చరిచింది. "సెలవులో ఉన్నదానివి ఇక్కడేం చేస్తున్నావే? నీకు బుద్ధుందా? ఆ సెలవు కోసం మేం సమ్మె చేసి చలికాలంలో గేటు బయట నిలబడ్డాం. నా పక్కన నిలబడిన దానికి వేళ్లు గడ్డకట్టిపోయాయి తెలుసా? నువ్వొచ్చి సెలవులో పనిచేస్తే రేపు ఓనరు ఏమంటాడు? వీళ్లకి సెలవెందుకు అంటాడు. పో! బయటికి పో! పోయి ఏట్లో ఈతకొట్టు!"

రాద్కా పగలబడి నవ్వింది. "భలే ఉందమ్మా మీ బామ్మ!" వ్లాస్తా మాత్రం నవ్వలేకపోయింది. ఆ ఇంట్లో ఆరేళ్లలో ఎవరూ చెప్పని న్యాయం మతిపోయిన మనిషి నోట వచ్చింది. దాన్ని విని పాటించగలిగినవాళ్లు ఎవరూ ఆ గదిలో లేరు. ఆమె పెద్దావిడ జుట్టు సవరించి, "అలాగే బామ్మా, పంపించేస్తాను" అని అబద్ధమాడి, సంచీ తీసుకుని బయల్దేరింది. గేటు దాకా వచ్చిన కూతుర్ని కౌగిలించుకుంటే కడుపులో నొప్పి కలుక్కుమంది. రాద్కా గుమ్మం లోపల ఉంది, తను బయట ఉంది. అప్పగింత సవ్యంగానే జరిగింది.

ఆపరేషను బాగానే అయింది. కొన్ని వారాలు బరువులెత్తకూడదన్నారు. అంటే ఈస్టరు వెళ్లాక గానీ మనిషిని లేపడం, తిప్పడం లాంటివి కుదరవని. వ్లాస్తా ఆస్పత్రి మంచం మీద పడుకుని తెల్లటి సీలింగు చూస్తూ గడిపింది. ఎవరూ పిలవని గదిలో ఆమెకి నిద్ర పట్టలేదు. చెవులు తెరుచుకునే ఉన్నాయి, ఎక్కడో పెద్దావిడ పిలుస్తున్నట్టే ఉంది. ఒండ్రెయ్ చూడ్డానికొచ్చి, కుర్చీ అంచున కూర్చుని, బట్టల సబ్బు పొడి ఎక్కడుందని అడిగాడు. కోళ్లకి దాణా అయిపోయిందన్నాడు. "ఇంట్లో ఆడదిక్కు లేకపోతే ఎంత కష్టమో" అని నిట్టూర్చాడు. అతని పెద్ద పెద్ద భుజాలనీ, కట్టెలు కొట్టి గట్టిపడిన చేతుల్నీ చూస్తుంటే ఆమెకి ఉన్నట్టుండి ఒక ఆలోచన వచ్చింది. ఎవర్నైనా పంపండి అన్నాడు కదా ఏజెన్సీ అతను? ఎవర్నైనా. ఈ మనిషిని పంపొచ్చు. ఖాళీగా ఉన్నాడు, బలంగా ఉన్నాడు, వాళ్లమ్మని మంచంలో తిప్పిన అనుభవం కూడా కొద్దో గొప్పో ఉంది. ఏజెన్సీవాడికి తట్టలేదు, రోస్వితకి తట్టలేదు, ఒండ్రెయ్‌కి సరేసరి. వాళ్ల సంగతెందుకు, తనకి తట్టిందా? కుట్లు పడి పడుకునేదాకా తనకే తట్టలేదు. బదులు మనిషి అనగానే తన బుర్ర కూడా నేరుగా ఆడపిల్ల దగ్గరికే పోయింది, పోయి వద్దు వద్దంటూ అక్కడే నిలబడింది. వ్లాస్తాకి సిగ్గేసింది. ఆ సిగ్గులోంచి కోపం వచ్చింది. కోపంతో నవ్వితే కుట్లు లాగాయి.

"ఏంటే నవ్వుతున్నావు?" అన్నాడు ఒండ్రెయ్.

"సబ్బు పొడి సింకు కింద ఉంది. ఇరవయ్యేళ్లుగా అక్కడే ఉంది."

అతను వెళ్లిన కాసేపటికి రోస్విత ఫోను చేసింది. గొంతులో సంబరం పొంగిపోతోంది. బ్రస్సెల్స్‌లో గెలిచారట, పూర్తిగా కాకపోయినా వాళ్ల వాక్యం కొత్త చట్టం పత్రంలో నిలబడిందట. "చరిత్రాత్మకం వ్లాస్తా! నీకు చెప్పాలనిపించింది ముందు." ఆ తర్వాత రాద్కా గురించి ఎంత పొగిడిందో. అమ్మ ఆ పిల్ల చేతిలో చంటిపాపలా తింటోందట. "మీ రక్తంలోనే ఉంది ఈ గుణం. నువ్వు తొందరపడి రాకు. రాద్కాతో మాట్లాడాను, ఫ్యాక్టరీలో జీతం లేని సెలవు అడుగుతానంది. నిజం చెప్పాలంటే, ఆ సీట్లు కుట్టే పనికన్నా ఇక్కడే ఆ అమ్మాయికి భవిష్యత్తు ఉందేమో. నువ్వు కోలుకున్నాక మీరిద్దరే చెరి రెండు వారాలూ చేయొచ్చు. తల్లీ కూతుళ్లు! ఎంత బాగుంటుంది! పాపం జ్లాతిత్సా కాలు ఎప్పటికి బాగయ్యేనో."

తల్లి ఎక్కిన చోట కూతురు దిగుతుంది, కూతురు ఎక్కిన చోట తల్లి దిగుతుంది. ఒకే మంచం. కలిసి ఒక పూట కూడా ఉండరు. డ్రైవరు కాఫీ తాగేంతసేపు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని, పెద్దావిడ మాత్రల గురించి మాట్లాడుకుంటారు. వ్లాస్తాకి అది కళ్లకి కట్టినట్టు కనిపించింది. ఇందులో ఎవరి కుట్రా లేదు. అందరూ మంచివాళ్లే, అందరూ సాయం చేస్తున్నారు, ఒక్కొక్కళ్లూ ఒక్కో మెట్టు వేస్తున్నారు. ఆ మెట్ల మీదుగా తన పిల్ల నవ్వుతూ దిగిపోతోంది. దాన్ని పట్టుకోవడానికి తన చేతిలో ఏముంది? రాద్కాకి చెప్తే వినదు. "నీకోసమేగా అమ్మా" అంటుంది. తన చోటు ఉన్నంతకాలం దానికి బదులు మనిషి కావాలి.

ఉన్నంతకాలం.

"రోస్విత గారూ" అంది. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నేను వ్యాపారం మూసేస్తున్నాను."

"ఏ వ్యాపారం?" అంది రోస్విత.

నటన కాదు. నిజంగానే ఆమెకి అర్థం కాలేదు. ఆరేళ్లుగా ఏ మాట అడ్డుపెట్టుకుని సెలవూ విశ్రాంతీ ఇవ్వక్కర్లేకుండా గడిచిపోయిందో ఆ మాట ఆమెకి గుర్తు కూడా లేదు. వ్లాస్తా కళ్లు మూసుకుంది. ఇన్నాళ్లూ గుండెలో ఉన్న ఒక మెత్తదనం, ఈమె కూడా ఆడదే, తల్లిని చూసుకోలేక నలిగిపోతోంది పాపం అన్న మెత్తదనం ఇంకా అలాగే ఉంది. అందుకే ఇంత కష్టంగా ఉంది.

"మీ అమ్మగారిని చూసుకునే వ్యాపారం. మా రాద్కా సెలవు ఆదివారంతో అయిపోతుంది. ఆ రోజు దాన్ని ఇంటికి పంపించేయండి. సోమవారం నుంచి మీరుండండి, లేదా గుంటర్ గారు ఉంటారు. ఇంట్లో పెద్దవాళ్లకి బాగోకపోతే ఉద్యోగస్తులకి సెలవిస్తారట కదా, మొన్న టీవీలో చెప్పారు. మీకు ఇస్తారు."

"వ్లాస్తా! ఇలా ఉన్నట్టుండి... కాస్త ముందు చెప్పొద్దా? అమ్మ నీకోసం ఎంత... నేను నీకేం అన్యాయం చేశాను?" రోస్విత ఏడుస్తోంది. నిజమైన ఏడుపే.

ఈమె అన్యాయం చేయలేదు. చేతులు కడుక్కుని శుభ్రంగా ఉంది, అంతే. "బామ్మకి మాత్ర ఆపిల్ గుజ్జులో పెట్టి ఇవ్వండి. నేరుగా ఇస్తే ఉమ్మేస్తారు. రాత్రి పిలిస్తే లైటు వెయ్యకండి, ముందు చెయ్యి పట్టుకోండి." అంతవరకూ చెప్పగలిగింది. ఫోను పెట్టేసింది. హెర్మినె చెయ్యి, ఎండిపోయిన ఆ చిన్న చెయ్యి, చీకట్లో తన వేళ్లకోసం వెతకడం గుర్తొచ్చి దిండులో మొహం దాచుకుని ఏడ్చింది. యజమానిగా ఆమె చేసిన మొదటి పని ఆ వ్యాపారం మూసేయడమే. ఆఖరిదీ అదే.

ఎంతోసేపు గడవలేదు, రాద్కా ఫోను.

"అమ్మా! ఏం చేశావే? నీకేమైనా పిచ్చా? ఆవిడ ఒకటే ఏడుపు. నేను ఇంకో నెల ఉంటానన్నాగా? నీకు కుట్లు మానాక ఇదే చోటికి వచ్చేదానివి! ఈ వయసులో నీకు ఇంకెవరిస్తారు పని? నాన్న పింఛనుతో ఏం వస్తుంది? ఎలా బతుకుతాం చెప్పు?"

"తెలీదు."

"తెలీదంటే?"

"తెలీదే తల్లీ. నిజంగా తెలీదు." పొత్తికడుపు మీద చెయ్యి అదిమిపెట్టుకుని వ్లాస్తా మెల్లగా లేచి కూర్చుంది. "నువ్వు మాత్రం సోమవారం నీ పనికి వెళ్లు."